ఆపరేషన్ కంటిపాప

కృష్ణంరాజు కళ్లజోడు ఒక్కటే దొరకలేదు.

జేబులో పర్సు ఉంది. చేతికి వాచీ ఉంది. నీళ్లలో ఉన్నా అది సరైన టైమే చూపిస్తోంది. ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన రెండు బోట్ల మధ్య తేలుతున్న అతన్ని, పొద్దున్న ఏడు గంటలకు ఐసు దించే కూలీలు చూశారు. కాలు జారి పడ్డాడని పంచనామాలో రాశారు. అలా రాయమని కోరింది అతను పనిచేసిన గూఢచార విభాగమే.

గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద ఒక ట్యూషన్ సెంటర్ ఉంది. దాని పై అంతస్తులో, 'తపాలా పొదుపు ఏజెంటు' అన్న బోర్డు వెనక, రెండు గదుల ఆఫీసు. విశాఖ విభాగం చీఫ్ రోజారమణి అక్కడే కూర్చుంటుంది. కింద పిల్లలు ఎక్కాలు వల్లిస్తుండగా ఆమె ఫైలును గుణశేఖర్ ముందుకు జరిపింది.

"మెడ వెనక సూది గుర్తు ఉంది. ఫొటో చూస్తావా?"

"వద్దు మేడమ్."

అతనూ కృష్ణంరాజూ పన్నెండేళ్లు కలిసి పనిచేశారు. గుణశేఖర్ ఫైలు మూసి, బయటికొచ్చిన కాగితాల అంచులు లోపలికి సర్ది, బల్ల మీద పెట్టాడు. కింద పిల్లలు పదమూడో ఎక్కం దగ్గర తడబడి మళ్లీ మొదలుపెట్టారు.

రోజారమణి సొరుగులోంచి ఒక కళ్లజోడు తీసింది. నల్ల ఫ్రేము, మెడలో వేసుకోవడానికి లావుపాటి తాడు.

"కంటిపాప," అన్నాడు గుణశేఖర్. "ఏఆర్ గ్లాసెస్. మా వీధిలో పాలవాడు కూడా పెట్టుకుంటున్నాడు."

"నాలుగు నెలల్లో నలభై వేల మంది. పెద్ద పెద్ద కంపెనీలు ఇలాంటివి చేసి జనం చేత పెట్టించలేకపోయాయి. బరువన్నారు, వేడన్నారు, పెట్టుకుంటే పక్కవాడు నవ్వుతాడన్నారు. వారం తిరిగేసరికి సొరుగులో పడేశారు. మరి మన ఊళ్లో స్టీల్ ప్లాంట్ షిఫ్టు బస్సులో సగం మంది కళ్లకి ఇవి ఎలా అతుక్కున్నాయి?"

"ఆట బాగుందేమో."

"ఆట కోసం రోజంతా ఎవరూ పెట్టుకోరు. కృష్ణంరాజు ఈ ప్రశ్నకే జవాబు వెతికాడు." ఆమె కొంచెం ఆగింది. "దొరికినట్టుంది."

బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. కంటిపాప అమ్ముతున్న కంపెనీ పేరు ఐరిస్ బే. దాని వెనక ఉన్నది నార్త్‌లైన్ అనే విదేశీ ముఠా. శత్రువు రేవు మూతపడాలని కోరుకునే వాళ్ల కోసం అది పనిచేస్తుంది. ఇక్కడ దాని మనిషి హాలెక్. కంపెనీలో డైరెక్టర్. కృష్ణంరాజు పంపిన చివరి మెసేజ్‌లో నాలుగే మాటలు. పదిహేనో తారీఖు. మొదటి బోటు.

"పదిహేనున చేపల వేట నిషేధం ముగుస్తుంది," అన్నాడు గుణశేఖర్.

"ఇంకా మూడు రోజులు. కంపెనీ లోపల మనకొక మనిషి ఉన్నారట. 'ఎండకి నల్లబడే అద్దం ఉందా' అని అడుగు. 'నీడలో చూస్తే తెలుస్తుంది' అంటే వాళ్లే. పేరు కృష్ణంరాజు నాకు చెప్పలేదు. కోడ్ సరిగ్గా చెప్పినంత మాత్రాన నమ్మకు."

*

మర్నాడు ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర ఒక గొడుగు, దాని కింద మడత బల్ల వెలిశాయి. 'కళ్లజోళ్లు బాగుచేయబడును.' గుణశేఖర్ నాలుగు రోజుల గడ్డంతో, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. ఆ భూతద్దం కింద పెట్టిన ఏ కంటిపాప అయినా, స్క్రూ బిగించేలోపు తన మెమరీ మొత్తం అప్పగిస్తుంది.

మధ్యాహ్నానికి అతనికి సగం జవాబు దొరికింది. జోడు మామూలు కళ్లద్దాలంత తేలిక. బ్యాటరీ ముక్కు మీద కాకుండా మెడతాడులో ఉంది. పవర్ అద్దం ఫ్రేములోనే బిగించి ఇస్తున్నారు. ఉప్పుగాలికి పాడవదు. ఎదురెండలో కూడా బొమ్మ కనబడుతుంది. 'గాలం' అనే ఆటలో చేపలు గాలిలో ఈదుతాయి. వేలు విదిలిస్తే గాలం పడుతుంది. ఒకడికి కనబడే చేప పక్కవాడికీ కనబడుతుంది కాబట్టి బస్టాపులో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా పోటీ పడుతున్నారు. బస్సు రాగానే ఆట అక్కడే ఆగిపోతుంది.

మిగతా సగం జవాబు ఎండుచేపల గంపతో వచ్చింది. ఆమె పేరు చిలకమ్మ. అరవై దాటి ఉంటాయి.

"బాబూ, ఈ కాడ ఊగిపోతంది. బిగించీ. జాగర్త, అది నా సెవి."

"చెవా?"

"మరేటి. పదకొండేళ్ల బట్టి నాకు వినబడదు. ఇది ఎట్టుకుంటే ఎవులు మాటాడినా ఆళ్ల గెడ్డం కింద అచ్చరాలు వత్తాయి. అయిదో కలాసు సదివినాను, నాకు సాలు." గొంతు తగ్గించాననుకుని గట్టిగానే చెప్పింది. "మా కోడలు గొణుక్కుంటా తిట్టీది. ఇప్పుడు గొణుగుడు కూడా అచ్చరాల్లో వత్తంది. పాపం, దానికే తిప్పలు."

గుణశేఖర్ నవ్వాడు. కృష్ణంరాజు పోయిన తర్వాత అదే మొదటిసారి.

స్క్రూ బిగిస్తున్నంతసేపూ ఆమె అతని చేతుల వైపే చూసింది. జోడు లేని ఆ రెండు నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. మళ్లీ పెట్టుకోగానే చుట్టూ తిరిగి చూసి, దూరంగా వస్తున్న కొడుకు గడ్డం కింద ఏం కనబడిందో గాని, అక్కణ్ణుంచే కేకేసింది.

"ఏటిరా ఆ బూతులు, పదిమందిలో!"

అప్పలసూరి నాలిక కరుచుకున్నాడు. 'పోలమాంబ' బోటుకి డ్రైవరు. ముప్పయ్యేళ్ల మనిషి. వెనక ఇంకో డ్రైవరు నరేష్. ఇద్దరి కళ్లకీ కంటిపాపలు.

"కదలకు బావ!" నరేష్ అరిచాడు. "నీ నెత్తి మీద కోనాం సేప!"

అప్పలసూరి కదలకుండా నిలబడ్డాడు. నరేష్ వేలు విదిలించాడు. ఇద్దరూ ఒకేసారి తల పైకెత్తి, ఒకేసారి "అయ్యో" అన్నారు. వాళ్లను రాసుకుంటూ ఐసు లారీ పోయింది. ఇద్దరూ దాన్ని చూడలేదు. గుణశేఖర్ చూశాడు.

"ఫ్రీగా ఇచ్చారటగా మీకు?" అన్నాడు.

"డ్రైవర్లందరికీ ఇచ్చినారు. రెండ్రోజులు ట్రైనింగు కూడా," అన్నాడు అప్పలసూరి. "పదిహేను పొద్దుటి నుంచి నీళ్లల్లో సేప ఎక్కడుందో ఈ అద్దంలోనే సూపిత్తాదట."

"మా బావకి అద్దం ఎందుకు? ఆడికి కల్లోనే సూపిత్తాది. లేసేసరికి పోద్ది." నరేష్ అతని భుజం మీద కొట్టాడు. "అయినా ఆడి అదురుష్టం సూడు. మొదటి బోటు సీటీ కూడా ఆడికే వచ్చింది."

మొదటి బోటు. గుణశేఖర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"చీటీ అంటే?"

"వేట తెరిసిన రోజు మూడొందల బోట్లు ఒక్కపాలి బయల్దేరతాయి. ముందు ఎవులు ఎల్లాలో సీటీలు ఏత్తాం," అన్నాడు అప్పలసూరి. "ఆరూ పదికి ముహూర్తం."

కొడుకు గడ్డం కింద ఆ మాటలు చదివి, చిలకమ్మ గుణశేఖర్ వైపు తిరిగింది.

"నాకు ఆడొక్కడే బాబు," అంది. గర్వంగానే అంది. చేయి మాత్రం గంప అంచుని గట్టిగా పట్టుకుంది.

*

సిరిపురంలో ఐరిస్ బే డెమో హాలు చల్లగా ఉంది. గడ్డం తీసేసి, టై కట్టుకుని, పదిహేను స్కూళ్లకి కంటిపాపలు కొనాలనుకుంటున్న కరస్పాండెంటుగా గుణశేఖర్ లోపలికి వెళ్లాడు. డెమో ఇచ్చింది నిఖిత. ఆకుపచ్చ పట్టు చీర, బంగారు రంగు ఫ్రేము. హాల్లో ఉన్న మగవాళ్లలో సగం మంది డెమో చూడటం లేదు.

"ఎండకి నల్లబడే అద్దం ఉందా?" అన్నాడు.

నిఖిత చిరునవ్వు చెదరలేదు. "నీడలో చూస్తే తెలుస్తుంది. రండి."

లోపలి గదికి కిటికీలు లేవు. తన జోడు తీసి, దాని తాడు విప్పి, బల్ల మీద పెట్టింది. తాడు విప్పితే జోడు వినదు. డెమోకి తనకిచ్చిన జోడుకీ గుణశేఖర్ అదే చేశాడు.

"కృష్ణంరాజు గారు మీ గురించి చెప్పారు," అంది.

కృష్ణంరాజు తోటివాళ్ల పేరు ఎవరికీ చెప్పడు. గుణశేఖర్ తల ఊపాడు.

"ఇవి ఎందుకు నిలబడ్డాయో తెలుసా?" ఆమె పాఠంలా చెప్పింది. "బరువు, బ్యాటరీ, ధర సరిచేస్తే జనం గుమ్మం దాకా వస్తారు. ఆట ఉంటే లోపలికి వస్తారు. ఉండిపోవాలంటే మాత్రం ఒక అవసరం తీరాలి. చెవిటివాళ్లకి మాట, చూపు తగ్గినవాళ్లకి బస్సు నంబరు, వెల్డర్‌కి అతుకు వేయాల్సిన గీత. నాలుగు నెలలు తీరితే ఇక ఎవరూ తీయరు. అలవాటుపడిన కన్ను ప్రశ్న వేయదు."

"అప్పుడు?"

"అప్పుడు ఏది చూపిస్తే అదే ఉన్నట్టు."

ఆమె చెప్పింది ఇది. ఆరూ పదికి బోట్లు బయల్దేరతాయి. అదే సమయానికి రేవు ముఖాన ఉన్న రెండు రాతి కట్టల మధ్య నుంచి ఒక గ్యాస్ ఓడ రేవులోకి వస్తుంది. మామూలుగా అయితే బోట్లు పక్కకి తప్పుకుంటాయి. ఆ రోజు తప్పుకోవు. హాలెక్ ప్రతి డ్రైవరు అద్దంలో ఓడ దారికి అడ్డంగా చేపల గుంపులు చూపిస్తాడు. నాలుగు నెలలుగా 'గాలం' వాళ్లకి నేర్పింది ఒక్కటే. ముందు చేరినవాడిదే చేప. మూడొందల బోట్లు ఓడ ముందుకి దూకుతాయి. ఓడ ఆగలేదు. పక్కకి తిరిగితే రాళ్లు. రేవు నెలల పాటు మూతపడుతుంది. గ్యాస్ బయటికొస్తే ఊరు కూడా మూతపడుతుంది.

"ఊరికే చేపలు చూపిస్తే నమ్మరని," అంది నిఖిత, "ట్రైనింగులో ప్రతి డ్రైవరునీ తనకి బాగా చేప పడే చోటు అడిగి రాసుకున్నారు. రహస్యంగా ఉంచుతామన్నారు. ఎవరి చోటు వైపు వాళ్లకి గుంపు కదులుతున్నట్టు కనబడుతుంది. తను ముందే నమ్మినదాన్ని చూపిస్తే మనిషి సందేహించడు." కళ్లజోడు పెట్టె ఒకటి అతని చేతిలో పెట్టింది. "ఆ జాబితా దీని అడుగున ఉంది. హాలెక్ కంట్రోల్ రూమ్ ఒక ఐసు ట్రక్కులో ఉంటుంది. ఆనందపురం జంక్షన్ దగ్గర. దాన్ని పట్టుకుంటే అద్దాలన్నీ ఆరిపోతాయి."

ఆమె చెప్పినదంతా అతుకు లేకుండా ఉంది. గుణశేఖర్ బయటికొచ్చి మెట్లు దిగుతూ ఒక విషయం గమనించాడు. కృష్ణంరాజు ఎలా పోయాడో ఆమె అడగలేదు.

"నమ్మవా?" అంది రోజారమణి ఫోనులో.

"సగం నమ్ముతాను. ఏ సగమో తెలియదు."

"గ్యాస్ ఓడని బయటే ఆపిస్తాను. బోట్లని ఆపితే హాలెక్‌కి తెలిసిపోతుంది, జారిపోతాడు. ఓడ లేనప్పుడు బోట్లు ఎటు పరిగెడితే ఏం? ఐదున్నరకి ఆనందపురంలో ట్రక్కు పట్టుకుందాం."

"నేను హార్బర్‌లో ఉంటాను మేడమ్."

*

పదిహేనో తారీఖు, ఆరు గంటలు. సూర్యుడు సముద్రం మీద మూరెడు పైకి వచ్చాడు. జెట్టీల మీద పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు. డప్పులు మోగుతున్నాయి. ప్రతి బోటు ముక్కుకీ నిమ్మకాయల దండ. మూడొందల ఇంజన్లు ఒక్కటొక్కటిగా అందుకుంటున్నాయి. 'పోలమాంబ' అన్నిటికంటే ముందు ఉంది.

గుణశేఖర్ రాతి కట్టల వైపు చూశాడు. లాగే రెండు టగ్గు పడవల మధ్య, ఎత్తుగా, నెమ్మదిగా, ఒక ఓడ వస్తోంది.

ఫోన్ మోగింది. రోజారమణి గొంతు పొడిగా ఉంది.

"ట్రక్కులో ఐసు తప్ప ఏమీ లేదు. ఐసులో కృష్ణంరాజు కళ్లజోడు ఉంది."

"మేడమ్, ఓడ వస్తోంది."

"గ్యాస్ ఓడని ఆపాం కదా!"

"ఇది వేరే ఓడ."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "దాని వంతు తర్వాతి ఓడకి వెళ్లింది," అంది. "అమ్మోనియా." ఓడని ఆపించామనుకున్నారు. నిఖిత తమ చేతనే అసలు ఓడని లోపలికి రప్పించింది. "టగ్గులకి చెబుతాను. కానీ అంత బరువు ఓడ ఆగాలంటే అర్ధగంట పడుతుంది. నీ చేతిలో ఎంత ఉంది?"

"పది నిమిషాలు."

బోటు యజమానుల గదిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. గుణశేఖర్ తలుపు తోసుకుని వెళ్లి మైకు అందుకున్నాడు.

"అన్ని బోట్లకీ! ఎదురుగా అమ్మోనియా ఓడ. ఎవరూ కదలొద్దు. కళ్లజోళ్లు తీసేయండి. మీకు కనబడుతున్న చేపలు అబద్ధం."

"ఎవుడ్రా నువ్వు?"

"పోలీసు."

"కళ్లజోళ్లు బిగించీవోడి గొంతులా ఉందేటి?" అది నరేష్.

"ఆడే! ఏ బోటోడు పంపినాడో. మనం ఆగితే ఆడు ముందెల్లిపోదామని."

"బావ, ఓడ దూరంగానే ఉంది, దాటీగలం. ఎదర సేప సూడు, కుప్పలు కుప్పలు!"

"ఓలమ్మ, నాకు కూడా కనబడతన్నాయి!"

ఆరూ పది. డప్పులు తారస్థాయికి వెళ్లాయి. 'పోలమాంబ' కదిలింది. వెనకే మిగతావి కదిలాయి.

గది బయట, థర్మాకోల్ ఐసు పెట్టెల పక్కన, చిలకమ్మ కొడుకు బోటుకి హారతి పట్టి నిలబడింది. గుణశేఖర్ ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"అమ్మా, ప్రమాదం! మీ అబ్బాయిని ఆగమని చెప్పండి! ఓడకి అడ్డం పోతున్నాడు!"

ఆమె అతని గడ్డం కిందికి చూసింది. మొహం విప్పారింది.

"నీ నోట మంచి మాట బాబు. నువ్వన్నట్టే నిండుగా తిరిగొత్తాడు."

గుణశేఖర్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆమె కళ్లజోడు తీసి తను పెట్టుకున్నాడు. "ప్రమాదం," అన్నాడు. అద్దం అడుగున అక్షరాలు వచ్చాయి. శుభం. "ఆపండి," అన్నాడు. సాగండి.

నలభై వేల కళ్లకి ఈ ఉదయం ఆ మాటలు లేవు.

చిలకమ్మ జోడు కోసం చేయి చాపింది. "ఇటీ బాబు. నా సెవి ఇచ్చీ." ఆమె గొంతులో భయం ఉంది. కొడుకు గురించి కాదు.

అతను జోడు ఇవ్వలేదు. ఐసు పెట్టె మూత లాగి, మార్కరుతో పెద్ద అక్షరాలు రాశాడు. జోడు అబద్ధం చెబుతోంది. అప్పలసూరి ఓడ కింద పడతాడు.

ఆమె చదివింది. మూత వైపు చూసింది. అతని వైపు చూసింది. రెండు రోజుల క్రితం వచ్చిన ఒక పరాయి మనిషి. నాలుగు నెలలుగా కోడలి గొణుగుడు దాకా వినిపించిన జోడు.

"నువ్వెవులు?" అంది. "దాన్ని లాక్కుని నాకు రాతలు సూపిత్తన్నావ్. నాను నిన్నెందుకు నమ్మాలి?"

జేబులో నిఖిత ఇచ్చిన జాబితా ఉంది. తీసి, అప్పలసూరి పేరు మీద వేలు పెట్టి చూపించాడు. కంపెనీకి మీవాడు చెప్పిన చోటు, అని మూత మీద రాశాడు. ఆ వైపే చేపలు చూపిస్తున్నారు.

చిలకమ్మ కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. కూడబలుక్కుని చదివింది. డాల్ఫిన్ నోస్ కొండకి తూర్పు, పద్దెనిమిది బారల లోతు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇక్కడ సేపేటి? ఇక్కడ మునిగిపోయిన ఇనప బల్లకట్టు ఉంది. వల ఏత్తే సిరిగిపోద్ది." కింది పేరు చదివింది. "నరేషు... ఇది బురద." ఇంకొకటి. "కొండలరావు... ఇది రాళ్లు." ఆమె మొహంలో ఏదో తిరగబడింది. "ఓరి నీ అమ్మ కడుపు కాల! ఒక్కడూ నిజం సెప్పలేదు. పెళ్లానికి సెప్పని సోటు కంపినీవోడికి సెప్తారేటి?"

హాలెక్ ఎన్నో రేవులు చూసి ఉంటాడు. చేప పడే చోటు అడిగితే ఏ రేవులోనైనా ఏం చెబుతారో అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

గుణశేఖర్ ఆమెని గదిలోకి తీసుకెళ్లి మైకు నోటి ముందు పెట్టాడు. మూత మీద ఇంకేమీ రాయాల్సిన అవసరం రాలేదు.

"ఒరే అప్పలసూరీ! మీ అమ్మని మాటాడతన్నాను. మీ మాట నాకు వినబడదు, నా మాట మీరినండి. నీకు సేప ఎటు కనబడతంది? ఇనప బల్లకట్టు ఏపేనా? నరేషూ, నీకు బురద ఏపేనా? కొండలరావూ, నీకు రాళ్ల ఏపేనా? మీరు కంపినీవోడికి సెప్పిన సోట్లు నా సేతిలో ఉన్నాయి. మీరు ఏ సోటు సెప్పినారో ఆడు ఆ ఏపే సేప సూపిత్తన్నాడు. ఇప్పుడు సెప్పండిరా. మీరు నిజం సెప్పినారేటి?"

సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. ఓడ సైరన్ ఐదు సార్లు కూసింది. గుణశేఖర్ కిటికీలోంచి చూశాడు. 'పోలమాంబ' రాతి కట్టల మధ్యకి చేరుతోంది. ఓడ ముక్కు దాని మీదికి గోడలా లేస్తోంది.

"నాను..." నరేష్ నీళ్లు నమిలాడు. "నాను ఉత్తదే సెప్పినాను."

"నువ్వు కూడానా బావ?"

"మరి నీకు తెలిసిపోదూ?"

"నాను మా మావయ్య సోటు సెప్పినాను. అక్కడ ఏటీ ఉండదు."

"ఓరి దొంగ నాయాళ్లారా! మరి ఈ కుప్పలేటి?"

"అబద్దమేరా! తీసీండి, అద్దాలు తీసీండి!"

ఎవడో నవ్వాడు. ఆ నవ్వు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి పాకింది. ఒక్కొక్క ఇంజనే మందగించింది. మూడొందల బోట్లు ఒకదాని మీదొకటి పడబోయి, తిట్టుకుంటూ, తాళ్లు విసురుకుంటూ, ఉత్తరం కట్ట వైపు ఒదిగాయి.

ఒక్క 'పోలమాంబ' మాత్రం ఓడ ముందే ఉంది. అప్పలసూరి నుంచి మాట లేదు.

చిలకమ్మ గుణశేఖర్ చేతిలో మూత వైపు చూస్తోంది. ఏదో ఒకటి రాస్తాడని చూస్తోంది. అతని మార్కరు గాలిలో ఆగిపోయింది.

'పోలమాంబ' పొగ గొట్టం ఒక్కసారి నల్లగా కక్కింది. బోటు వెనక్కి లాగినట్టు వణికి, ముక్కు ఎడమకి తిప్పింది. రాళ్లకి రాసుకుంది. నిమ్మకాయల దండ తెగి నీళ్లలో పడింది. ఓడ పక్క, తుప్పు మరకలన్నీ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా, దాన్ని దాటి వెళ్లడం మొదలుపెట్టింది. చాలాసేపు వెళ్తూనే ఉంది.

సెట్టు గరగరలాడింది.

"అమ్మకి సెప్పండి," అన్నాడు అప్పలసూరి, ఆయాసపడుతూ. "నానూ అబద్దమే సెప్పినాను."

గుణశేఖర్ ఆ మాట అలాగే మూత మీద రాశాడు. చిలకమ్మ రెండుసార్లు చదివింది. తర్వాత అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

హాలెక్, నిఖిత ఆ మధ్యాహ్నమే ఎలమంచిలి స్టేషన్లో చెన్నై వెళ్లే రైల్లో దొరికారు. హాలెక్ ఒళ్లో ఉన్న లాప్‌టాప్ ఇంకా వేడిగానే ఉంది. అది ఆర్పేయగానే ఊళ్లో నలభై వేల కంటిపాపలు మామూలు గాజు అద్దాలయ్యాయి. ఆర్టీసీ కాంప్లెక్సులో చాలామంది ఆ రోజంతా ఖాళీ గాలిలోకి వేళ్లు విదిలిస్తూ కనబడ్డారట.

నిఖిత హ్యాండ్‌బ్యాగులో ఢిల్లీలోని ఇంకో విభాగం గుర్తింపు కార్డు ఉంది. రోజారమణి ఫోన్ చేసి అడిగింది. ఆమె మా మనిషే అన్నారు వాళ్లు. హాలెక్‌ని అడిగితే మా మనిషే అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఆమెని తీసుకెళ్లేలోపు గుణశేఖర్‌కి ఐదు నిమిషాలు ఇచ్చారు.

"హాలెక్ నన్ను అనుమానించాడు," అంది నిఖిత. చీర నలిగింది గాని గొంతు నలగలేదు. "నమ్మించడానికి ఎవరో ఒకరి పేరు ఇవ్వాల్సి వచ్చింది. కృష్ణంరాజు గారి పేరు ఇచ్చాను. ట్రక్కు అబద్ధం కూడా అందుకే. కానీ మీకు ఆ జాబితా ఇచ్చింది కూడా నేనే కదా?"

గుణశేఖర్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. ఆ కళ్ల వెనక ఇంకేమైనా ఉందేమోనని చూశాడు. తర్వాత కుర్చీ శబ్దం కాకుండా వెనక్కి జరిపి లేచాడు. సాయంత్రం కృష్ణంరాజు వాళ్లింటికి వెళ్లి, కళ్లజోడు ఇచ్చి వచ్చాడు. కాలు జారిందన్న మాటే అక్కడ కూడా చెప్పాడు.

సాక్ష్యం కోసం జోళ్లు అప్పగించమన్నప్పుడు, తిరిగి తీసుకున్న తన జోడుని చిలకమ్మ తనే తెచ్చి గుణశేఖర్ బల్ల మీద పెట్టింది. రసీదు అడగలేదు. ఇరవై రోజులు హార్బర్‌లో ఎవరు పలకరించినా నవ్వి ఊరుకుంది. విభాగం ల్యాబులో కుర్రాళ్లు ఆ జోడు విప్పి, ఆట తీసేసి, నెట్‌వర్క్ తెంపేసి, అక్షరాలు మాత్రం లోపలి చిప్పులోనే పుట్టేలా మార్చారు. ఇక దానితో బయటివాళ్లెవరూ మాట్లాడలేరు. గుణశేఖర్ రిపోర్టులో, ఈ వస్తువు జనంలో ఎందుకు నిలబడింది అన్న గడి దగ్గర, 'ఒక ముసలమ్మకి మాట తిరిగి ఇచ్చింది కాబట్టి' అని రాశాడు. రోజారమణి దాన్ని కొట్టేయలేదు. ఇంకొక్క గడి మాత్రం ఖాళీగా ఉందంది. డ్రైవర్లు చెప్పినవి తప్పుడు చోట్లని కోర్టులో తేలాలంటే అసలు చోట్లేవో కనీసం ఒక్కటైనా కావాలి.

జోడు ఇవ్వడానికి వెళ్లినప్పుడు గుణశేఖర్ అడిగాడు.

"అమ్మా, కేసు కోసం. అప్పలసూరికి నిజంగా చేప పడే చోటు ఎక్కడ?"

కొత్త జోడులోంచి చిలకమ్మ అతని గడ్డం కింద అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. చివరి దాకా చదివింది. జోడు తీసి, కొంగుతో శుభ్రంగా తుడిచి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది.

"నాకు వినబడదు బాబు," అంది.